షాక్‌వేవ్, కైరోప్రాక్టిక్ రెండూ కలిపి చేయించవచ్చా? నాన్నగారి భుజం, నడుము గురించి

మిరపఘాటు (గుంటూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 57. గుంటూరు మిర్చి యార్డులో పాతికేళ్లకు పైగా బస్తాలు మోసే ముఠా పనిలో ఉన్నారు. ఇప్పుడు మేస్త్రీ అయినప్పటికీ చేతులు కట్టుకొని నిలబడటం ఆయనకు చేతకాదు కనుక, మనిషి తక్కువైన రోజున తానే టిక్కీ (మిర్చి బస్తా) భుజానికెత్తుకుంటారు. సంక్రాంతి వెళ్లిన వారంలో లారీ మీద సరుకు సర్దుతూ కాలు జారి, కుడి భుజం నేలకు తగిలేలా పడ్డారు. ఎక్స్‌రే తీయించాము. ఎముక విరగలేదన్నారు గానీ, భుజం కీలు దగ్గర కాల్షియం పేరుకున్నట్టు మచ్చ కనబడుతోందని రిపోర్టులో రాశారు. మాత్రలతో తగ్గకపోతే మూడు వారాల క్రితం భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆయనకు షుగర్ ఉంది. ఇంజెక్షన్ తరువాత మూడు రోజులు షుగర్ బాగా పెరిగి మమ్మల్ని కంగారు పెట్టింది. నొప్పి పది రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారు. దీనికి తోడు ఉదయం లేవగానే నడుము పట్టేసి, అరగంట నడిస్తే గానీ వదలదు. నొప్పి కాలిలోకి దిగటం లేదు.

నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ ఒక క్లినిక్‌లో అడిగితే, షాక్‌వేవ్ (నొప్పి ఉన్న చోట యంత్రంతో తరంగాల దెబ్బలు కొట్టే వైద్యం) 12 సిట్టింగులు, ప్రతి సిట్టింగు రోజునే కైరోప్రాక్టిక్ అడ్జస్ట్‌మెంట్ (వెన్నుపూసలను, కీళ్లను చేత్తో ఝాడించి సర్దటం) కూడా చేస్తామనీ, మొత్తం 28,000 రూపాయలు ముందే కడితే తగ్గింపు ఉంటుందనీ చెప్పారు. వెన్నుపూస పక్కకు తొలగినందువల్లనే భుజం నొప్పి వచ్చిందని కూడా అన్నారు. ఈ రెండూ కలిపి చేయిస్తే నిజంగా త్వరగా కోలుకుంటారా? షుగర్ ఉన్నవారికి ఇబ్బంది ఉంటుందా? మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. మళ్లీ తెరిచేనాటికి పనిలోకి దిగాలని ఆయన పట్టుదల. పన్నెండు సార్లు బస్సులో తీసుకురావటానికి నేను సిద్ధమే, కానీ ఆ తిరుగుడు వృథా కాకూడదని అడుగుతున్నాను.

ఫిజియో, సూర్యారావుపేట:

మీ ప్రశ్నలో రెండు వైద్యాల పేర్లు ఉన్నాయి గానీ జబ్బు పేరు ఇంకా తేలలేదు. కింద పడ్డాక మొదలైన భుజం నొప్పి, అందులోనూ యాభై దాటినవారిలో, అనగానే మేము మొదట అనుమానించేది భుజం కీలును కప్పి ఉంచే రొటేటర్ కఫ్ టెండాన్ చిరిగిందేమోనని. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీనే టెండాన్ అంటాము. ఎక్స్‌రేలో ఎముకా కాల్షియమూ కనబడతాయి తప్ప టెండాన్ కనబడదు. అందుచేత ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన భుజం బాగున్నట్టు కాదు.

ఇంట్లోనే ఒకటి గమనించండి. ఆయన్ను చేయి పక్క నుంచి నెమ్మదిగా పైకెత్తమనండి, తరువాత ఆ చేతిని వదులుగా ఉంచమని మీరే పట్టుకొని ఎత్తండి. మీరు ఎత్తితే పూర్తిగా పైకి వెళ్లి, తానుగా ఎత్తబోతే బలం చాలక సగంలో జారిపోతుంటే టెండాన్ చిరిగిందన్న అనుమానం బలపడుతుంది. ఎవరు ఎత్తినా ఒకే చోట బిగుసుకుపోయి, ముఖ్యంగా మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటకు తిప్పబోయినప్పుడు కదలకపోతే అది షుగర్ ఉన్నవారిలో తరచుగా కనబడే ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. రెండు విధాలా పైదాకా వెళ్తూ మధ్యలో కొంత దూరం మాత్రం నొప్పి పెడుతుంటే, ఎక్స్‌రేలోని ఆ కాల్షియమే కారణమై ఉండవచ్చు. ఈ మూడింటికీ వైద్యం వేరువేరు. ఇది అంచనాకు మాత్రమే. భుజానికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించే వరకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఒకవేళ కారణం కాల్షియమే అయితే, షాక్‌వేవ్‌కు మంచి ఆధారం ఉన్న జబ్బుల్లో అది ఒకటి. కిడ్నీలో రాళ్లను కోత లేకుండా పగలగొట్టే లితోట్రిప్సీ గురించి వినే ఉంటారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి రోగిపై వాడిన ఆ ధ్వని తరంగాల పద్ధతే కొంత శక్తి తగ్గించుకొని ఎముకలు, టెండాన్ల వైద్యంలోకి వచ్చింది. అయితే భుజంలో అది రాయిని పగలగొట్టినట్టు పనిచేయదు. ఆ దెబ్బలకు అక్కడి కణజాలంలో రక్త ప్రసరణ పెరుగుతుంది, ఆగిపోయిన మరమ్మత్తు మళ్లీ మొదలవుతుంది, పేరుకున్న కాల్షియాన్ని శరీరమే క్రమంగా పీల్చుకుంటుంది. దానికి సమయం పడుతుంది గనుక ఫలితం మంచం దిగగానే కనబడదు. ఆరు నుంచి పన్నెండు వారాల తరువాత చూసుకోవాలి. కాల్షియం ఉన్న 144 మందిపై జరిపి 2003లో జామా వైద్య పత్రికలో ప్రచురించిన పరీక్షలో, ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటే నిజమైన షాక్‌వేవ్ పొందినవారు ఆరు నెలలకు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. వారిలోనూ ఎక్కువ శక్తి వాడినవారికి ఎక్కువ మేలు జరిగింది. వారికి చేసినది రెండే రెండు సిట్టింగులు.

క్లినిక్ వారిని యంత్రం ఏ రకమో అడగండి. చాలా చోట్ల ఉండేది రేడియల్ రకం. గాలి ఒత్తిడితో లోపలి చిన్న లోహపు గుండు వచ్చి కొనను కొడుతుంది. దాని బలం చర్మం దగ్గర ఎక్కువగా ఉండి, లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఫోకస్డ్ రకంలో శక్తి అంతా మనం ఎంచుకున్న లోతులో ఒకచోట చేరుతుంది. నేను చెప్పిన ఆ పరీక్షలో వాడినది ఫోకస్డ్ రకమే. రేడియల్‌తో సాధారణంగా వారానికొకటి చొప్పున 3 నుంచి 5 సిట్టింగులు, ఒక్కోసారి సుమారు 2000 దెబ్బలు ఇస్తాము. 12 సిట్టింగులు అన్న లెక్క వైద్యంలోంచి వచ్చినది కాదు, ప్యాకేజీలోంచి వచ్చినది.

మరొక ముఖ్యమైన సంగతి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిన చోట కనీసం ఆరు వారాలు గడిచేదాకా షాక్‌వేవ్ చేయకూడదన్నది మేము పాటించే నియమం. స్టెరాయిడ్ వల్ల టెండాన్ కొంతకాలం బలహీనంగా ఉంటుంది. మీ క్లినిక్ వారు ఇంజెక్షన్ సంగతి అడిగారా? అడగకపోతే ఆలోచించుకోవలసిందే. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు, ఆ ప్రాంతంలో కణితి ఉన్నవారు దీని జోలికి పోకూడదు. షుగర్ ఒక్కటే ఉంటే అడ్డంకి కాదు గానీ, అది అదుపులో లేకపోతే కోలుకోవటం మందగిస్తుంది.

ఇక కైరోప్రాక్టిక్. అది కీళ్ల బిగువు మీద, ముఖ్యంగా వెన్నెముక కదలిక మీద పనిచేసేది. నడుము నొప్పి వరకైతే, వేడి కాపడం, మర్దనా మొదలైన వాటితో పాటు వెన్నెముక మ్యానిప్యులేషన్‌ను, అంటే ఈ అడ్జస్ట్‌మెంట్ లాంటిదాన్ని, కూడా ఒక మార్గంగా 2017లో అమెరికా ఫిజీషియన్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) తన సూచనలలో చేర్చింది. కనుక నడుముకు అది పనికిరాదనను. కానీ నడుములో పూస తొలగి భుజంలో కాల్షియం పేరుకుందనటం నాకు మింగుడు పడలేదు. భుజం జబ్బు ఒకటి, నడుము బిగువు వేరొకటి అయినప్పుడు దేని వైద్యం దానికి చేయవచ్చు, ఒకే రోజున చేసినా ప్రమాదమేమీ లేదు. కాకపోతే ఏది ఎంత పనిచేసిందో తరువాత తెలియదు. షాక్‌వేవ్ కొట్టిన కీలునే అదే రోజు విరిచి సాగదీయటం మాత్రం నేను ఒప్పుకోను.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మా, పైన డాక్టరుగారు శాస్త్రం చెప్పారు కాబట్టి నేను అనుభవం మాత్రమే చెబుతాను. ముప్పై ఏళ్లు బండల నేల మీద నిలబడి పాఠాలు చెప్పినందుకు బహుమతిగా నాకు మడమ శూల వచ్చింది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. దానితోపాటు నడుము కూడా పట్టేసేది. తొమ్మిది నెలలు సిలికాన్ మడమ ప్యాడ్లతో, వేడినీళ్లతో ఈడ్చి, చివరకు మడమకు షాక్‌వేవ్ నాలుగు సిట్టింగులు, నడుముకు కైరోప్రాక్టిక్ ఆరు సార్లు చేయించుకున్నాను. రెండూ ఒకే నెలలోనే సాగాయి.

షాక్‌వేవ్ చేసేటప్పుడు పళ్లు బిగపట్టుకోవలసి వచ్చింది. నొప్పి ఎక్కడ తీవ్రంగా ఉందో నన్నే చెప్పమని, ఆ చోటనే కొట్టారు. ఎక్కువైతే శక్తి తగ్గించి మళ్లీ మెల్లగా పెంచారు. మొదటి రెండు రోజులు మునుపటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. వాపు తగ్గించే మాత్రలు ఆ రోజుల్లో వద్దన్నారు. నెలన్నర గడిచేదాకా తేడా తెలియలేదు, తెలిసిన తరువాత మాత్రం నిలబడింది. నడుము సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అడ్జస్ట్‌మెంట్ చేయగానే తేలికైపోయినట్టు అనిపించేది, మూడో రోజుకు మళ్లీ మొదటికి వచ్చేది. ఆ రెండు మూడు రోజుల తేలికదనంలో వ్యాయామం చేస్తేనే లాభమని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా ఆ తేలికను పడకకుర్చీలో ఖర్చు పెట్టాను.

మడమకు చెప్పిన వ్యాయామం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకొని, మడమను మూడు లెక్కల్లో పైకెత్తి, రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కల్లో దించాలి. రోజు విడిచి రోజు చేయాలి. నాకు సగం మేలు షాక్‌వేవ్ చేసిందని, మిగిలిన సగం ఆ తువ్వాలు చేసిందని నా లెక్క. దసరా వెళ్లాక ఇంద్రకీలాద్రి మెట్లు చెప్పులు లేకుండా ఎక్కి దిగాను.

కృష్ణలంక నివాసి:

అందరూ మర్యాదగా రాస్తున్నారు, నేను కొంచెం కటువుగా రాస్తాను, క్షమించండి. కైరోప్రాక్టిక్ అన్నది 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలుపెట్టినది. దాదాపు సకల రోగాలకూ మూలం వెన్నుపూసల తొలగుడేనని ఆయన నమ్మాడు. మీ క్లినిక్ వారు భుజానికి చెప్పిన కారణం సరిగ్గా ఆ పాత మాటే. అడ్జస్ట్‌మెంట్‌లో వినబడే 'టక్' శబ్దం పూస తన చోటుకు వచ్చిన చప్పుడు కాదు. మనం మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. కీలులోని ద్రవంలో ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడటం వల్ల అది వస్తుందని 2015లో ఎమ్మారై స్కాన్‌లో వేలి కీళ్లను చూసి తేల్చారు.

చేసేవారి చదువు సంగతి కూడా అడగాలి. ఈ విద్యలో పూర్తి శిక్షణ అంటే 4,200 గంటలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలో ఫిజియోథెరపీ 2021 నాటి జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చింది, కైరోప్రాక్టిక్‌కు మాత్రం అటువంటి ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. కాబట్టి బోర్డు మీది పేరు చూసి ఏమీ తేల్చుకోలేము. మా బావగారు ఒకచోట నడుము నొప్పికి వెళితే, అడగకుండానే మెడ కూడా తిప్పారు. రెండు రోజులు తల తిరిగి వాంతులయ్యాయి. అదృష్టం కొద్దీ స్కాన్‌లో ఏమీ తేలలేదు. మెడను ఝాడించి తిప్పితే మెదడుకు వెళ్లే రక్తనాళం గోడ చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం అరుదుగానైనా ఉంది. ఈ మాట సెలూన్‌లో గడ్డం గీయించుకున్నాక ఉచితంగా మెడ విరిపించుకునేవారికీ వర్తిస్తుంది.

షాక్‌వేవ్‌ను కూడా ఆకాశానికెత్తనక్కర లేదు. రొటేటర్ కఫ్ జబ్బుల మీద జరిగిన 30కి పైగా పరీక్షలను కలిపి 2020లో కొక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షకులు చూసి, రోగికి చెప్పుకోదగ్గ లాభం పెద్దగా కనబడలేదనే రాశారు.

ఫిజియో, సూర్యారావుపేట:

కృష్ణలంకవారి అభ్యంతరాలలో ఎక్కువ భాగం న్యాయమైనవే. కొక్రేన్ సమీక్ష నేనూ చూశాను. అందులో కాల్షియం ఉన్నవారూ లేనివారూ, ఎక్కువ శక్తీ తక్కువ శక్తీ, రెండు రకాల యంత్రాలూ కలిసి ఉన్నాయి. అన్నిటినీ ఒక గంపలో వేసి తూచితే కాల్షియం లేనివారి ఫలితం ఉన్నవారి ఫలితాన్ని కిందికి లాగుతుందని నా అభిప్రాయం. నా బల్ల మీద కూడా కాల్షియం లేని భుజానికి షాక్‌వేవ్ పెద్దగా పనిచేయటం చూడలేదు. కనుక అటువంటివారికి నేను చేయను, వ్యాయామం నేర్పి పంపుతాను.

మాస్టారు చెప్పిన తువ్వాలు లెక్క నాకు బాగా నచ్చింది. మడమ వెనుక ఉండే పెద్ద టెండాన్ జబ్బు విషయంలో, వ్యాయామం ఒక్కటే చేసినవారికంటే వ్యాయామానికి షాక్‌వేవ్ జోడించినవారు మెరుగ్గా కోలుకున్నారని 2009లో ఒక పరీక్ష చూపింది. అంటే షాక్‌వేవ్‌కు జోడీగా నిరూపితమైనది బరువు మోసే వ్యాయామం. షాక్‌వేవ్‌కూ కైరోప్రాక్టిక్‌కూ జోడీ కట్టినంత మాత్రాన విడివిడిగా చేసినదానికంటే మేలని చెప్పగల గట్టి ఆధారం లేదు. క్లినిక్‌లో రెండు గదులు పక్కపక్కన ఉండటం వైద్య కారణం కాదు.

మిరపఘాటుగారూ, మీ నాన్నగారు ఎత్తు నుంచి పడ్డారు కనుక, నడుముకు ఏ విధమైన అడ్జస్ట్‌మెంట్ అయినా చేయించే ముందు వెన్నెముకకు కూడా ఎక్స్‌రే ఉండాలి. నలిగిన పూస మీద ఝాడింపు పడితే చిన్న దెబ్బ పెద్దదవుతుంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా లేక తెలియకుండా పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఏ క్లినిక్‌కూ వెళ్లకుండా నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

మిరపఘాటు (గుంటూరు):

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, రెండున్నర నెలలు గడిచాయి. మీరు చెప్పిన చేతి పరీక్ష చేసి చూస్తే, నేను ఎత్తినా ఆయన ఎత్తినా పైదాకా వెళ్లింది, మధ్యలో మాత్రం మొహం ముడుచుకున్నారు. కొత్తపేటలో అల్ట్రాసౌండ్ చేయించాము. టెండాన్ తెగలేదనీ, అందులో 11 మిల్లీమీటర్ల కాల్షియం గడ్డ ఉందనీ రాశారు. వెన్నెముక ఎక్స్‌రేలో పూసలు నలగలేదు, వయసుకు తగిన అరుగుదల మాత్రమే ఉందన్నారు.

ప్యాకేజీ క్లినిక్‌కు మళ్లీ ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాను. యంత్రం రేడియల్ అని చెప్పారు. ఇంజెక్షన్ సంగతికి ఏమీ కాదులెండి అన్నారు. కైరోప్రాక్టర్‌గారి శిక్షణ ఎన్నాళ్లదని అడిగితే, ఇన్ని ప్రశ్నలు అడిగితే వైద్యం ఎలా కుదురుతుందమ్మా అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

ఇంజెక్షన్‌కు ఆరు వారాలు నిండాక, ఆర్థోపెడిక్ డాక్టరుగారు సూచించిన చోట ఫోకస్డ్ యంత్రంతో వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు చేయించాము. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతుంటే కింద భుజం పెట్టినట్టుందని నాన్నగారు అన్నారు. రెండో సిట్టింగు తరువాత రెండు రాత్రులు నిద్రలేక ఇక రానని మొండికేశారు. మాస్టారు రాసినది చదివి వినిపిస్తే మూడోదానికి వచ్చారు. మూడోది అయి ఇప్పటికి ఆరు వారాలు. ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారు. నడుముకు ప్రస్తుతానికి అడ్జస్ట్‌మెంట్ చేయించలేదు. పొద్దున పది నిమిషాలు నేర్పిన వ్యాయామాలు, సాయంత్రం నడక. పట్టేయటం ఉంది గానీ అరగంట కాస్తా పది నిమిషాలకు తగ్గింది.

ఇప్పుడు అసలు చిక్కు. యార్డు తెరిచారు. నొప్పి తగ్గింది కదా, టిక్కీ ఎత్తవచ్చు కదా అని రోజూ అడుగుతున్నారు. ఏమని చెప్పమంటారు?

ఫిజియో, సూర్యారావుపేట:

నొప్పి తగ్గటం వేరు, టెండాన్‌కు బలం రావటం వేరు. టిక్కీ 40 కిలోలకు పైమాటే, పైగా అది తల దగ్గరి ఎత్తు నుంచి భుజం మీదికి పడే బరువు. మొదట రబ్బరు బ్యాండుతో ముంజేతిని బయటకు తిప్పే వ్యాయామం రెండు చేతులతోనూ సమానంగా, నొప్పి లేకుండా చేయగలగాలి. తరువాత రెండు కిలోల బరువును నడుము ఎత్తు నుంచి ఛాతీ ఎత్తుకు, ఆపై తలపైకి ఎత్తటం, వారం వారం కొంచెం పెంచుతూ పోవటం. బరువు పెంచిన మరుసటి రోజు ఉదయానికి నొప్పి పెరిగి ఉంటే ఒక మెట్టు కిందికి దిగాలి. నా అంచనాలో ఇంకా మూడు నెలలు. మూడో నెలలో ఒకసారి స్కాన్ చేయించి కాల్షియం ఎంత కరిగిందో చూడండి. నడుము సంగతి, ఈ పద్ధతిలోనే సాగనివ్వండి. ఇక తగ్గటం ఆగిపోయిందనిపిస్తే అప్పుడు శిక్షణ ఉన్నవారి చేత రెండు మూడు సార్లు మ్యానిప్యులేషన్ చేయించి చూడటానికి నాకు అభ్యంతరం లేదు, మెడ మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

మిరపఘాటు (గుంటూరు):

ధన్యవాదాలండీ. చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, అయితే ఈ సీజనుకు కాటా పక్కన కుర్చీ వేయించుకుంటానన్నారు.